లాప్‌టాప్ లేకుండా సింథ్ వాయించడం: ముందు నా తప్పు, తర్వాత దారి

ఈ ఎపిసోడ్ ఇంట్రో మ్యూజిక్ లేకుండానే మొదలుపెడుతున్నా. ఎందుకంటే ముందు ఒక సారీ చెప్పాలి.

కొన్ని నెలల కింద చేసిన ఒక ఎపిసోడ్‌లో నేను చాలా కాన్ఫిడెంట్‌గా ఒక మాట అన్నాను. "మిడి కంట్రోలర్ ఏదైనా పర్లేదు, సింథ్ ఏదైనా పర్లేదు, కలిపేస్తే వాయించేయొచ్చు, మిడి అంటేనే కామన్ భాష కదా" అని. బీటెక్ చదివి, నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ జాబ్ చేసి వచ్చినవాడు అన్నాడంటే నమ్ముతారు కదా. విజయనగరం వైపు నుంచి ఒక తమ్ముడు నమ్మాడు.

డిగ్రీ సెకండ్ ఇయర్ చదువుతున్నాడు. పెళ్లిళ్ల సీజన్‌లో లోకల్ ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తాడు, కానీ ఆ కీబోర్డ్ వాళ్ల ఓనర్‌ది. సొంతంగా ఒక సింథ్ ఉండాలని డబ్బులు దాచుకున్నాడు. సెకండ్ హ్యాండ్‌లో కోర్గ్ వోల్కా కీస్ కొన్నాడు. దాని మీద ఉండే కీస్ టచ్ ప్లేటు లాంటివి, వేళ్లకి అలవాటు కావు. అందుకని నా మాట విని ఒక చిన్న యూఎస్‌బీ కంట్రోలర్ కొన్నాడు, 25 కీస్‌ది. ఇంట్లో లాప్‌టాప్ లేదు. ఫోన్ ఒక్కటే.

మెసేజ్ పెట్టాడు: "అన్నా, మీరు చెప్పినట్టే కొన్నాను. పలకట్లేదు."

ఆ "పలకట్లేదు" అన్న మాట చూసి నాకు రెండు రోజులు మనసు బాగోలేదు. ఆన్‌లైన్‌లో కొన్నాడు, రిటర్న్ టైమ్ దాటిపోయింది. మూడు వారాల్లో రిసెప్షన్ ప్రోగ్రాం ఉంది, "నా సొంత సింథ్ తెస్తా" అని అందరికీ చెప్పుకున్నాడు. సో, ఈ ఎపిసోడ్ అతనికి నేను ఫోన్‌లో చెప్పిందే. మీలో ఇంకెవరైనా కొనబోతుంటే, కార్ట్‌లో పెట్టింది ఆపి ఇది చూడండి.

మొదట అతను ఏం చేశాడో చెప్తా, ఎందుకంటే అందరూ చేసేది అదే. వోల్కా కీస్ మీద యూఎస్‌బీ పోర్టే లేదు. ఐదు పిన్నుల గుండ్రటి సాకెట్ ఒకటి ఉంది, మిడి ఇన్. కంట్రోలర్‌కి ఏమో యూఎస్‌బీ తప్ప ఇంకేం లేదు. అప్పుడు ఆన్‌లైన్‌లో వెతికితే యూఎస్‌బీ టు మిడి కేబుల్ అని కొన్ని వందలకే దొరుకుతుంది. ఒకవైపు యూఎస్‌బీ, ఇంకోవైపు రెండు గుండ్రటి ప్లగ్గులు. అది కొన్నాడు. కంట్రోలర్ వైరు చివర యూఎస్‌బీ మగ ప్లగ్, ఈ కేబుల్ చివర కూడా మగ ప్లగ్. మధ్యలో రెండువైపులా ఆడ సాకెట్ ఉండే చిన్న జాయింట్ కొని కలిపాడు. వైర్లన్నీ కలిశాయి, చూడ్డానికి పర్ఫెక్ట్. సౌండ్ మాత్రం రాలేదు.

ఎందుకు రాలేదంటే, యూఎస్‌బీలో అందరూ సమానం కాదు. ఒకరు హోస్ట్, మిగతావాళ్లు డివైస్‌లు. మన స్కూల్లో అటెండెన్స్ గుర్తు తెచ్చుకోండి. సార్ రోల్ నంబర్ పిలిస్తేనే "ప్రెజెంట్ సార్" అంటాం. పిలవకుండా మనంతట మనం అరవకూడదు. యూఎస్‌బీ డివైస్ కూడా అంతే, హోస్ట్ "నీ దగ్గర ఏమైనా ఉందా" అని అడిగితేనే చెప్తుంది. లాప్‌టాప్ అంటే సార్. కంట్రోలర్ ఒక స్టూడెంట్. ఆ చౌక కేబుల్‌లో ఉన్న చిప్ ఇంకో స్టూడెంట్. సార్ లేని క్లాసులో ఇద్దరు స్టూడెంట్లు పక్కపక్కన కూర్చుంటే అటెండెన్స్ ఎవరు తీసుకుంటారు? అతను కీ నొక్కుతూనే ఉన్నాడు, కంట్రోలర్ తన రోల్ నంబర్ కోసం ఎదురుచూస్తూనే ఉంది.

ఇంకో మోసం ఏంటంటే, కంట్రోలర్‌ని ఫోన్ చార్జర్‌కి పెడితే లైట్లు వెలుగుతాయి. లైట్లు వెలిగాయి కాబట్టి పనిచేస్తోంది అనుకుంటాం. చార్జర్ కరెంట్ ఇస్తుంది కానీ అటెండెన్స్ తీసుకోదు.

ఇప్పుడు గుండ్రటి ఐదు పిన్నుల వైపు చూద్దాం. ఇది 1983 నాటి సంగతి. అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ పెట్టిన డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ స్థాపించిన ఇకుతారో కకెహాషి, వీళ్లిద్దరూ ముందుండి నడిపించిన స్టాండర్డ్ మిడి. ఆ ఏడాది జనవరిలో నామ్ షోలో సీక్వెన్షియల్ ప్రాఫెట్-600ని రోలాండ్ కీబోర్డ్‌తో కలిపి చూపించారు. ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికింది. 2013లో ఇద్దరికీ కలిపి టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. దాంట్లో కంప్యూటర్ లేదు, గమనించండి. కంప్యూటర్ లేకుండా కలపడానికే మిడి పుట్టింది. మనం తర్వాత మధ్యలోకి లాప్‌టాప్‌ని తెచ్చి కూర్చోబెట్టి, అది లేకపోతే పని జరగదు అనుకుంటున్నాం.

ఆ పాత మిడిలో హోస్టూ లేదు, డివైసూ లేదు. ఔట్ అన్నది చెప్తుంది, ఇన్ అన్నది వింటుంది. టిఫిన్ సెంటర్‌లో సర్వర్ లోపలికి "రెండు ఇడ్లీ, ఒక వడ" అని కేకేస్తాడు చూడండి, అదే మిడి. ఇడ్లీ ఆ కేకలో ఉండదు, కిచెన్‌లో తయారవుతుంది. "అన్నా, మిడి కేబుల్ పెట్టాను, స్పీకర్లో సౌండ్ రావట్లేదు" అని నాకు వచ్చే మెసేజ్‌లకి జవాబు ఇదే. మిడి కేబుల్‌లో సౌండ్ ఉండదు, ఆర్డర్ మాత్రమే ఉంటుంది. సౌండ్ కోసం సింథ్ ఆడియో ఔట్ నుంచి స్పీకర్‌కి వేరే వైరు వెయ్యాలి.

ఆ ఆర్డర్ ఎలా ఉంటుందో ఒక్కసారి చూపిస్తా, కోడింగ్ చేసేవాళ్లకి నచ్చుతుంది. కీ నొక్కితే మూడు నంబర్లు వెళ్తాయి: 144, 60, 100. 144 అంటే "ఒకటో ఛానల్‌లో నోట్ ఆన్". 60 అంటే మధ్య సి. 100 అంటే ఎంత గట్టిగా కొట్టామో, 127 వరకు ఉంటుంది. అంతే. లైన్ స్పీడ్ సెకనుకి 31,250 బిట్లు. ఒక్కో నంబర్‌కి స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి 10 బిట్లు, అంటే మూడు నంబర్లకి దాదాపు 1 మిల్లీసెకను. లాప్‌టాప్‌లో ఆడియో బఫర్ 256 శాంపిల్స్ పెట్టుకుంటే, 44,100 రేటు దగ్గర ఆ ఒక్క బఫర్‌కే 5.8 మిల్లీసెకన్లు. నలభై ఏళ్ల పాత వైరు ఈ విషయంలో మన ఐ7 కన్నా వెనకబడి లేదు.

అలా అని లాప్‌టాప్ చెడ్డది అనట్లేదు. రికార్డింగ్‌కి, మిక్సింగ్‌కి నేను వాడేది అదే. స్టేజ్ మీద మాత్రం నాకు భయం పట్టుకుంది. రెండేళ్ల కింద మా కాలనీ వినాయక చవితి పందిట్లో వాయిస్తుంటే కరెంట్ పోయింది. జనరేటర్ రావడానికి పది సెకన్లు. లాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంది కాబట్టి బతికే ఉంది, కానీ ఆడియో ఇంటర్‌ఫేస్ ఆగి మళ్లీ ఆన్ అయ్యేసరికి సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోయింది. రీస్టార్ట్ చేసి, ప్రాజెక్ట్ ఓపెన్ అయ్యి, ప్లగిన్లు లోడ్ అయ్యేదాకా జనం ముందు నిలబడ్డాను. పక్కన తాషా కొట్టే కుర్రాళ్లు ఆ గ్యాప్‌ని ఫుల్లుగా వాడుకున్నారు. వాళ్ల వాయిద్యానికి బూట్ టైమ్ లేదు మరి.

సరే, దారులు. తమ్ముడి కేసులో ఆల్రెడీ కొనేశాడు కాబట్టి అతనికి పనికొచ్చేవి వేరు, ఇంకా కొననివాళ్లకి వేరు.

కొననివాళ్లకి ఒక్కటే మాట. కంట్రోలర్ వెనక ఫొటో జూమ్ చేసి చూడండి. అక్కడ మిడి ఔట్ ఉందా? గుండ్రటి సాకెట్ అయినా సరే, 3.5 మిల్లీమీటర్ల హెడ్‌ఫోన్ లాంటి సాకెట్ మీద మిడి అని రాసి ఉన్నా సరే. ఉంటే మీ పని అయిపోయినట్టే. ఉదాహరణకి ఆర్టూరియా కీస్టెప్ వెనక గుండ్రటి మిడి ఇన్, ఔట్ రెండూ ఉంటాయి. ఇంకా పాత మాడ్యులర్ సింథ్‌లకి వోల్టేజ్ పంపే సాకెట్లు కూడా ఉంటాయి, వాటిలో ఆక్టేవ్‌కి 1 వోల్ట్ లెక్క. లోపలే సీక్వెన్సర్ ఉంటుంది. ఫోన్ చార్జర్‌తో నడిపించొచ్చు. పవర్ బ్యాంక్‌తో కూడా నడుస్తుంది, కానీ కొన్ని పవర్ బ్యాంక్‌లు లోడ్ మరీ తక్కువైతే ఏమీ తగిలించలేదనుకుని ఆఫ్ అయిపోతాయి. ఇంట్లో ఒక గంట వాయించి చూసి అప్పుడు స్టేజ్ ఎక్కండి.

3.5 సాకెట్ దగ్గర ఒక చిక్కు ఉంది, జాగ్రత్త. రెండు రకాలు ఉన్నాయి, టైప్ ఏ, టైప్ బి. ప్లగ్ ఒకటే, లోపల రెండు వైర్లు అటూ ఇటూ మారి ఉంటాయి. ఏలో ప్లగ్ కొసకి ఐదో పిన్ను, బిలో కొసకి నాలుగో పిన్ను. కోర్గ్ వాళ్లు ఏ వాడారు. ఆర్టూరియా బీట్‌స్టెప్ ప్రో, నోవేషన్ పాత మోడళ్లు కొన్ని బి. 2018లో మిడి అసోసియేషన్ టైప్ ఏనే స్టాండర్డ్ చేసింది, కాబట్టి కొత్త వాటితో గొడవ తక్కువ. సెకండ్ హ్యాండ్ కొంటుంటే మాత్రం ఏ టైపో మాన్యువల్‌లో చూడండి. తప్పు టైప్ పెడితే కాలిపోదు, ఊరికే పలకదు. అది ఇంకా ఘోరం, ఏది పాడైందో తెలీక అన్నీ విప్పుతాం.

ఇప్పుడు ఆల్రెడీ యూఎస్‌బీ కంట్రోలర్ కొనేసినవాళ్లు. మీకు కావాల్సింది సార్. క్లాసులోకి సార్‌ని తేవాలి.

మొదటి సార్: యూఎస్‌బీ మిడి హోస్ట్ బాక్స్. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా. ఒకవైపు మీ కంట్రోలర్, ఇంకోవైపు ఐదు పిన్నుల ఔట్. కెంటన్, డోరెమిడి, సీఎంఈ లాంటి కంపెనీలు చేస్తాయి. బాధ ఏంటంటే, చిన్న కంట్రోలర్ రేటుకి దగ్గరగా బాక్స్ రేటు కూడా అవుతుంది. "ఈ డబ్బులు ముందే కలిపి ఉంటే మిడి ఔట్ ఉన్న కంట్రోలరే వచ్చేది కదన్నా" అన్నాడు తమ్ముడు. కరెక్టే. నా దగ్గర జవాబు లేదు.

బాక్స్ కొనే ముందు రెండు చెక్ చెయ్యండి. ఒకటి, మీ కంట్రోలర్ క్లాస్ కంప్లయంట్ అయి ఉండాలి, అంటే డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయకుండా పనిచేసేది. డ్రైవర్ కావాల్సిన వాటిని ఈ డబ్బాలు చాలావరకు గుర్తుపట్టవు. రెండు, కరెంట్. యూఎస్‌బీ 2.0 పోర్ట్ లెక్క ప్రకారం 500 మిల్లీయాంపులే. రంగురంగుల ప్యాడ్లు వెలిగే పెద్ద కంట్రోలర్లకి అది సరిపోకపోవచ్చు, మధ్యలో ఆఫ్ అయి ఆన్ అవుతాయి. ఇంకా కొన్ని కంట్రోలర్లు అసలు తమ సాఫ్ట్‌వేర్ కోసమే పుట్టాయి. ఏబుల్టన్ పుష్ 2 అలాంటిదే, దాని స్క్రీన్, లైట్లు అన్నీ లాప్‌టాప్ చెప్తేనే బతుకుతాయి. అలాంటివాటిని లాప్‌టాప్ నుంచి విడదీయాలని చూడకండి.

రెండో సార్: మీ చేతిలో ఉన్న ఫోన్. అవును, ఫోన్ కూడా కంప్యూటరే, "కంప్యూటర్ లేకుండా" అని టైటిల్ పెట్టి చీట్ చేస్తున్నాడు అని కామెంట్ పెట్టేవాళ్లు పెట్టండి. ఓటీజీ సపోర్ట్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ యూఎస్‌బీ హోస్ట్ కాగలదు. ఆండ్రాయిడ్ 6 నుంచి సిస్టమ్‌లోనే మిడి సపోర్ట్ ఉంది. ఓటీజీ పిన్ను, దానికి ఒక యూఎస్‌బీ హబ్, వీలైతే సొంత అడాప్టర్ ఉండే హబ్. హబ్‌లో ఒక పోర్ట్‌కి కంట్రోలర్, ఇంకో పోర్ట్‌కి ఆ చౌక మిడి కేబుల్. ఫోన్లో మిడి రౌటింగ్ చేసే యాప్ ఒకటి పెట్టి, "దీంట్లో వచ్చింది దాంట్లోకి పంపు" అని కలపాలి. మిడి కేబుల్ ప్లగ్గుల మీద ఇన్, ఔట్ అని రాసి ఉంటుంది. ఔట్ ప్లగ్ సింథ్ ఇన్‌లోకి వెళ్లాలి. కొన్ని కేబుల్స్ మీద ఆ రాత ఉల్టా ఉంటుంది, పలకకపోతే రెండోది పెట్టి చూడండి.

రాత్రి పదకొండింటికి వీడియో కాల్‌లో ఇదంతా చేయించాను. అతని ఫోన్ హబ్‌కి పెట్టాడు, కాల్ వాళ్ల అక్క ఫోన్ నుంచి. మొదటి ప్లగ్ పెడితే ఏం రాలేదు. రెండోది పెట్టి కీ నొక్కాడు. వోల్కాకి లోపలే చిన్న స్పీకర్ ఉంటుంది, దాంట్లోంచి "కీఁ" అని వచ్చింది. వాళ్ల అక్క "ఇంత రాత్రి ఏంట్రా ఈ గోల" అంది. మేమిద్దరం నవ్వలేకపోయాం, నిజంగా గొంతు పట్టేసింది.

కానీ ఒక ఐదు నిమిషాల తర్వాత అతని ఫోన్‌కి ఫ్రెండ్ కాల్ చేశాడు. యాప్ వెనక్కి వెళ్లి ఆగింది. అప్పటికి ఒక కీ నొక్కి ఉంది. నోట్ ఆన్ వెళ్లింది, నోట్ ఆఫ్ వెళ్లలేదు. సింథ్‌కి ఎవరూ ఆపమని చెప్పలేదు కాబట్టి మోగుతూనే ఉంది. దీన్నే స్టక్ నోట్ అంటారు. మిడిలో అన్ని నోట్లూ ఆపు అనే ఆర్డర్ ఉంది, కంట్రోల్ నంబర్ 123. చాలా కంట్రోలర్లలో ప్యానిక్ బటన్ ఉంటుంది, అది ఎక్కడుందో వాయించే ముందే కనుక్కోండి. ఏదీ కుదరకపోతే సింథ్ ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి. ఫోన్ వాడితే ఎయిర్‌ప్లేన్ మోడ్ తప్పనిసరి, ఆ యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ ఆఫ్ చెయ్యండి, స్క్రీన్ ఆగిపోకుండా చూడండి. ప్రాక్టీస్‌కి ఇది చాలా బాగుంటుంది. రిసెప్షన్‌కి? నేనైతే రిస్క్ చెయ్యను.

మూడో సార్ మనమే తయారు చేసుకునేది. ఆర్డుయినో మీద యూఎస్‌బీ హోస్ట్ షీల్డ్, మిడి లైబ్రరీ, ఐదు పిన్నుల సాకెట్, రెండు రెసిస్టర్లు. కంట్రోలర్ నుంచి చదివి సీరియల్‌లో 31,250 స్పీడ్‌కి పంపడమే ప్రోగ్రాం, స్క్రోల్ కూడా అవసరం లేనంత చిన్నది. జాబ్‌లో ఉన్నప్పుడు నేను రాసిన ఏ కోడ్ కన్నా ఇది ఎక్కువ పనికొచ్చింది. సోల్డరింగ్ రానివాళ్లు మాత్రం దీంతో మొదలుపెట్టకండి.

కనెక్షన్ వచ్చాక కూడా తలనొప్పి పెట్టేవి ఇంకొన్ని. ఒక మిడి లైన్‌లో 16 ఛానల్స్ ఉంటాయి. కంట్రోలర్ ఒకటిలో పంపి, సింథ్ రెండులో వింటుంటే అంతా కరెక్ట్‌గా ఉన్నా నిశ్శబ్దమే. కేబుల్ టీవీలో వేరే ఛానల్ పెట్టుకుని సీరియల్ రావట్లేదన్నట్టు. రెండు సింథ్‌లు ఉంటే మొదటిదాని థ్రూ నుంచి రెండోదాని ఇన్‌కి. వోల్కా కీస్‌కి ఇన్ ఒక్కటే, థ్రూ లేదు. కాబట్టి అది ఎప్పుడూ లైన్‌లో చివరే.

నాబ్స్ సంగతి. వోల్కా కీస్‌లో ఫిల్టర్ కటాఫ్ కంట్రోల్ నంబర్ 44. మీ కంట్రోలర్ నాబ్ ఫ్యాక్టరీలో వేరే నంబర్‌తో వస్తుంది. దాన్ని 44కి మార్చడానికి చాలా కంట్రోలర్లకి పీసీ ఎడిటర్ కావాలి. ఒక్కసారి ఫ్రెండ్ లాప్‌టాప్ అడగండి, మార్చి కంట్రోలర్ మెమరీలో సేవ్ చేస్తే ఇక దాని అవసరం లేదు.

టెంపో విషయంలో క్లాక్ పంపేది ఒక్కరే ఉండాలి. మిడి క్లాక్ బీట్‌కి 24 టిక్కులు, 120 టెంపోలో సెకనుకి 48. ఇద్దరు పంపితే డ్రమ్స్ తాగినట్టు నడుస్తాయి.

గమకాలు అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. కీస్ పన్నెండే, మన రాగం వాటి మధ్యలో తిరుగుతుంది. మిడి పిచ్ బెండ్‌లో 16,384 మెట్లు ఉన్నాయి, మామూలుగా అటు రెండు సెమిటోన్లు, ఇటు రెండు. అంటే జారుడికి, ఊపుకి సరిపడా సన్నగా ఉంటుంది. కాకపోతే ఆ ఛానల్‌లో మోగే అన్ని నోట్లూ కలిసి జారతాయి. అందుకే లీడ్ ఒక్కో స్వరంగా వాయించండి. సింథ్ పిచ్ బెండ్ వింటుందా లేదా కూడా మాన్యువల్‌లో చూడాలి, అన్నీ వినవు.

దీనికి ఒక పెద్దాయన పేరు చెప్పకుండా ఉండలేను. చరణ్‌జిత్ సింగ్. ముంబై హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన మ్యూజిషియన్. 1982లో రోలాండ్ జుపిటర్-8, టీబీ-303, టీఆర్-808, ఈ మూడింటితో పది రాగాలు డిస్కో బీట్ మీద రికార్డ్ చేశారు. అప్పటికి మిడి స్టాండర్డే రాలేదు. ఆ రికార్డు అప్పట్లో పెద్దగా ఎవరికీ పట్టలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం మొత్తం "ఇది యాసిడ్ హౌస్ కన్నా ముందే యాసిడ్ హౌస్ లాగా ఉందే" అని ఆశ్చర్యపోయింది. ఆయన 2015లో చనిపోయారు. వెతికి వినండి, హెడ్‌ఫోన్స్‌తో. ఒక చిన్న టెక్నికల్ నోట్: ఆ 303, 808 వెనక కూడా ఐదు పిన్నుల సాకెట్ ఉంటుంది, కానీ అది మిడి కాదు, సింక్. ఒకేలా ఉందని మిడి కేబుల్ పెట్టి పలకమనకండి.

తమ్ముడి సంగతి. నేను చేసుకున్న ఆర్డుయినో డబ్బా కొరియర్ చేశాను. సోల్డరింగ్ అందంగా లేదు, పైన ఇన్సులేషన్ టేప్ చుట్టి ఉంది, "కొరియర్ వాళ్లు బాంబ్ అనుకుంటారేమో అన్నా" అన్నాడు. ప్రోగ్రాంకి నాలుగు రోజుల ముందు అందింది. వోల్కాకి ఆరు కొత్త డబుల్ ఏ బ్యాటరీలు వేసుకో, అడాప్టర్ ఉన్నా సరే వేసుకో అని చెప్పాను. పందిట్లో కరెంట్ ఎప్పుడు పోతుందో మనకి తెలుసు కదా.

రిసెప్షన్ మొన్న ఆదివారం అయింది. ఇరవై సెకన్ల వీడియో పంపాడు. డీజే బేస్‌కి ఫోన్ మైక్ పగిలిపోతోంది, కానీ మధ్యలో ఒక లీడ్ సన్నగా పైకి లేచి వినిపిస్తుంది, అది అతనిదే. కింద మెసేజ్: "అన్నా, డబ్బా తిరిగి పంపాలా?"

వద్దన్నాను. పాత ఎపిసోడ్ కింద కరెక్షన్ పిన్ చేశాను, టైటిల్ కూడా మార్చాను. మీ కంట్రోలర్ మోడల్, సింథ్ మోడల్ రెండూ కామెంట్‌లో పెట్టండి, కొనే ముందే పెట్టండి, ఒక్కొక్కటి చూసి చెప్తాను. వచ్చే వారం ఆ డబ్బా తయారీ, వైరింగ్ మొత్తం. ఉంటాను, బై.